సిన్సినాటి ఓపెనింగ్ డేకు కుటుంబంతో వెళ్లాలంటే ఎలా సిద్ధపడాలి?

నమస్కారమండీ. మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా మళ్లీ చెబుతాను. కిందటేడు చివర్లో మీరు హైదరాబాదు నుంచి అమెరికాలో సిన్సినాటి శివారులోని మేసన్‌కు మారారు. మార్చి నెలాఖరులో ఈ ఊరి బేస్‌బాల్ జట్టు రెడ్స్ సొంత మైదానంలో ఆడే తొలి ఆటకు, అంటే ఓపెనింగ్ డేకు, మీ ఆఫీసులో సగం మంది సెలవు పెడుతున్నారు, మిమ్మల్ని కూడా రమ్మంటున్నారు. ఇంట్లో మీరు, మీ శ్రీమతి, రెండో తరగతి చదివే పాప, రాజమండ్రి నుంచి వచ్చి ఉన్న మీ నాన్నగారు ఉన్నారు. టికెట్లు ఇంకా కొనలేదు, బేస్‌బాల్ ఎవరికీ తెలియదు. అసలు వెళ్లడం మంచిదేనా, వెళితే ఎలా సిద్ధపడాలి అన్నది మీ ప్రశ్న.

తప్పకుండా వెళ్లండి. అయితే ఆ రోజు ఊళ్లో జరిగే ఊరేగింపు, ఆట రెండింటికీ నలుగురూ కలిసే వెళ్లాలని పట్టుపట్టకండి. మధ్యాహ్నం జరిగే ఊరేగింపును అందరూ చూడండి. సాయంత్రం ఆటకు మాత్రం చలిలో సుమారు మూడు గంటలు కదలకుండా కూర్చోగలిగినవాళ్లే వెళ్లండి. మిగిలినవాళ్ల కోసం మే నెలలో ఏదో ఒక ఆదివారం ఆటకు టికెట్లు కొనండి, చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. సిద్ధపడే క్రమంలో మొదట చూసుకోవలసినవి చలి బట్టలు, ఆ తరువాత కారు ఎక్కడ ఆపాలన్నది, ఆ పైన టికెట్లు. ఆట నియమాలు చిట్టచివర చూసుకున్నా నష్టం లేదు.

నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చిన బంధువులను, కొత్తగా చేరిన సహోద్యోగులను ఓపెనింగ్ డేకు తీసుకెళ్లే పని దాదాపు ఏటా నా మీదే పడుతుంది. కింద రాసిందంతా ఆ అనుభవంతో చెబుతున్నదే.

ముందుగా ఈ ఊరికి ఆ రోజు ఎందుకంత ముఖ్యమో తెలిస్తే మిగిలిన ఏర్పాట్లు సులువుగా అర్థమవుతాయి. ఆటగాళ్లందరికీ జీతాలిచ్చి, ఆ సంగతి బాహాటంగా చెప్పుకొని ఆడిన మొదటి బేస్‌బాల్ జట్టు 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. నేషనల్ లీగ్ అనే బేస్‌బాల్ పోటీ మొదలైన 1876 నుంచి, కొన్ని సందర్భాలు మినహా, సిన్సినాటి జట్టు తన సీజన్‌ను సొంత ఊళ్లోనే ప్రారంభిస్తూ వస్తోంది. షెడ్యూలు వేసేవాళ్లు ఇప్పటికీ ఈ ఆనవాయితీని మన్నిస్తున్నారు. తప్పిన సందర్భాలకు గట్టి కారణాలే ఉన్నాయి. 1966లో వాన వల్ల ఇక్కడి తొలి ఆటలు కొట్టుకుపోయి జట్టు ఫిలడెల్ఫియాలో సీజన్ మొదలుపెట్టవలసి వచ్చింది. 1990లోనూ 2022లోనూ యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య తగాదాతో లాకౌట్ జరిగి షెడ్యూలు చెదిరింది. అందువల్ల చాలా నగరాల్లో జట్టు వారం పదిరోజులు బయట ఆడి వచ్చాక జరిగే తొలి సొంత ఆట, ఇక్కడ మాత్రం సాధారణంగా సీజన్‌లోనే మొదటి ఆట అవుతుంది. గెలుపోటముల పట్టికలో అందరూ సున్నా దగ్గరే ఉంటారు కాబట్టి కిందటేడు జట్టు ఎంత ఘోరంగా ఆడినా ఆ ఒక్క రోజు ఎవరూ గొణగరు. ప్రభుత్వ సెలవు కాకపోయినా ఊరు సెలవులాగే నడుచుకుంటుంది. డౌన్‌టౌన్‌లో ఆ మధ్యాహ్నం మీటింగు పెట్టుకున్న మేనేజరు ఈ ఊరివాడు కాడని ఇట్టే చెప్పవచ్చు.

ఇక ఊరేగింపు సంగతి. దీన్ని ఫిండ్లే మార్కెట్ పరేడ్ అంటారు. ఓవర్-ది-రైన్ అనే పాత జర్మన్ పేటలో 1850ల నుంచి నడుస్తున్న ఫిండ్లే మార్కెట్ వ్యాపారులు 1920లో దీన్ని మొదలుపెట్టారు. నిర్వహణ ఇప్పటికీ వాళ్లదే. కోవిడ్ కారణంగా 2020, 2021లలో జరగలేదు, 2022లో తిరిగి మొదలైంది. సాధారణంగా మధ్యాహ్నం 12 గంటలకు మార్కెట్ దగ్గర బయలుదేరి, రేస్ స్ట్రీట్ మీదుగా దక్షిణానికి వచ్చి, ఫిఫ్త్ స్ట్రీట్‌లో తూర్పుకు తిరిగి డౌన్‌టౌన్‌లోని ఫౌంటెన్ స్క్వేర్ పక్కగా సాగుతుంది. హైస్కూలు బ్యాండ్లు, గుర్రాలు, అగ్నిమాపక శకటాలు, పాత ఆటగాళ్లు ఎక్కిన ఓపెన్ టాప్ కార్లు, చిన్న చిన్న సంఘాల శకటాలు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. బేస్‌బాల్ అంటే ఓనమాలు తెలియనివాళ్లకు కూడా ఇందులో అర్థం కానిది ఏమీ ఉండదు. మా అమ్మ వచ్చిన ఏడాది ఆటలో ఏం జరిగిందో ఆమెకు గుర్తు లేదు కానీ, పొట్టి గౌన్లలో వణుకుతూనే నవ్వుతూ బ్యాండు వాయించుకుంటూ వెళ్లిన ఆడపిల్లల గురించి చాలాకాలం చెప్పుకుంది. కొత్తవారికి టికెట్టు దొరక్కపోయినా ఫరవాలేదని నేను అనేది అందుకే. ఊరేగింపు చూసి, ఏదైనా రెస్టారెంటులో కూర్చొని టీవీలో మొదటి రెండు ఇన్నింగ్స్ (ఆటకు మొత్తం తొమ్మిది ఉంటాయి) చూసి ఇంటికి వచ్చినా మీరు ఓపెనింగ్ డే చూసినట్లే లెక్క.

ఎక్కడ నిలబడాలి? చాలామంది ఊరేగింపు మొదలయ్యే మార్కెట్ దగ్గరకే వెళ్లాలనుకుంటారు. అక్కడ సందడి నిజమే, కానీ వీధులు ఇరుకు, జనం ఉదయం నుంచే చేరతారు, చాలామంది చేతుల్లో బీరు గ్లాసులు ఉంటాయి, పెద్దవాళ్లు కూర్చోవడానికి చోటు దొరకదు. మీ కుటుంబానికి నేను చెప్పేది ఫౌంటెన్ స్క్వేర్‌కు దగ్గరగా ఫిఫ్త్ స్ట్రీట్. అక్కడికి ఊరేగింపు మొదలైన కొంతసేపటికి గానీ చేరదు కాబట్టి తొందరపడనవసరం లేదు, పక్కనే హోటళ్లు, కాఫీ దుకాణాలు ఉన్నాయి కాబట్టి మీ నాన్నగారు మధ్యలో లోపలికి వెళ్లి వెచ్చగా కూర్చోవచ్చు, మరుగుదొడ్డి సమస్య కూడా తీరుతుంది. మడత కుర్చీ ఒకటి వెంట ఉంచుకోండి. అయితే దాన్ని స్టేడియంలోకి రానివ్వరు, ఆటకు వెళ్లేముందు కారులో పెట్టవలసిందే. పాపను మాత్రం ముందు వరుసలో కాలిబాట అంచున కూర్చోబెట్టండి. ఇక్కడివాళ్లు పిల్లలకు దారి ఇవ్వడంలో ఉదారులు.

చలి గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మార్చి నెలాఖరులో ఇక్కడ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత మామూలుగా 55 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 13 నుంచి 16 డిగ్రీలు ఉంటుంది. ఫోనులో ఆ అంకె చూసి పలుచని జాకెట్టుతో బయలుదేరతారు. కానీ ఆట సాయంత్రం నాలుగు దాటాక మొదలవుతుంది, ముగిసేసరికి ఏడవుతుంది. మైదానం ఒహైయో నది ఒడ్డున ఉంది. నది మీది గాలి పై అంతస్తులో నేరుగా తగులుతుంది, కాళ్ల కింద సిమెంటు, కూర్చున్నది ప్లాస్టిక్ కుర్చీ, పైగా కదలిక లేదు. చలి ఆరో ఇన్నింగ్స్ దాకా ఓపిక పట్టి ఒక్కసారిగా ఎముకల్లోకి దిగుతుంది. ఒక ఏడాది ఎండ కాస్తోందని కొత్తగా వచ్చిన ఒక సహోద్యోగి కుటుంబం చొక్కాల మీద స్వెట్టర్లతో వచ్చింది. ఎనిమిదో ఇన్నింగ్స్‌కు వాళ్లు స్టేడియం దుకాణంలో, బయట ధరకు ఎన్నో రెట్లు పెట్టి, రెడ్స్ ముద్ర ఉన్న దుప్పట్లు కొనుక్కున్నారు.

ఒకే లావుపాటి కోటు కన్నా పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది. లోపల థర్మల్స్, దాని మీద చొక్కా, దాని మీద ఫ్లీస్, పైన గాలి చొరబడని జాకెట్టు ఉండాలి. మధ్యాహ్నం ఊరేగింపులో ఎండకు చెమట పడితే పైవి రెండూ తీసేయవచ్చు. రెండు జతల మేజోళ్లు, చేతి తొడుగులు, చెవులు కప్పే టోపీ తప్పనిసరి. మీ నాన్నగారు మంకీ క్యాప్ తెచ్చుకొని ఉంటే సంకోచం లేకుండా పెట్టుకోమనండి, ఆ రోజు వేషాలు చూసి ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. ఇంకో చిట్కా ఈ ఊరి పాత అభిమానుల దగ్గర నేర్చుకున్నాను. పాత న్యూస్‌పేపర్ల కట్టనో అట్టముక్కనో పాదాల కింద వేసుకుంటే సిమెంటు చల్లదనం సగం తగ్గుతుంది. కుర్చీ మీదికి పాత దుప్పటి ఒకటి సరిపోతుంది. జేబులో పెట్టుకొనే హ్యాండ్ వార్మర్లు ఏ క్రోగర్ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి, పాపకు రెండు ఎక్కువే కొనండి.

సీట్ల విషయంలో వేసవి సలహాలను నమ్మకండి. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలన్నీ నీడ ఎక్కడ వస్తుందో చెబుతాయి. మీకు కావలసింది ఎండ. రెడ్స్ సొంత మైదానమైన గ్రేట్ అమెరికన్ బాల్ పార్కులో బ్యాటర్ ఆగ్నేయ దిశగా, అంటే నది వైపు, చూస్తూ నిలబడతాడు. మార్చి సాయంత్రం సూర్యుడు నైరుతి నుంచి పడమరకు దిగుతాడు కాబట్టి మొదటి బేస్ వైపు (బ్యాటర్‌కు కుడిపక్క) సీట్లు, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనుక సీట్లు త్వరగా నీడలో పడిపోతాయి. మూడో బేస్ వైపు (బ్యాటర్‌కు ఎడమపక్క), ఎడమ ఫీల్డు వైపు ఎండ ఎక్కువసేపు నిలుస్తుంది. రెండిటికీ మధ్య తేడా ఒక స్వెట్టరంత ఉంటుందంటే అతిశయోక్తి కాదు. పై అంతస్తు సీట్లు చవక, నది, వంతెనలు, అవతలి కెంటకీ ఒడ్డు చక్కగా కనిపిస్తాయి, కానీ మెట్లు నిటారుగా ఉంటాయి, గాలి ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని పై అంతస్తు చివరి వరుసలకు తీసుకెళ్లవద్దు. కింది అంతస్తులో బేస్ లైన్ల పక్కన కూర్చుంటే బంతి ఎంత వేగంగా వస్తుందో తెలుస్తుంది. ఆటగాళ్లు కూర్చొనే డగౌట్ల అవతలి దాకా ఇప్పుడు మేజర్ లీగ్, అంటే అగ్రస్థాయి బేస్‌బాల్, మైదానాలన్నిటిలోనూ వలలు ఉన్నాయి. వల లేని చోట కూర్చుంటే మాత్రం పిచ్చర్ బంతి వేసేటప్పుడు ఫోను చూడకండి, పాపను కూడా చూడనివ్వకండి.

టికెట్ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఓపెనింగ్ డే టికెట్లు మొదట సీజన్ టికెట్టు ఉన్నవాళ్లకు, ప్యాకేజీలు కొన్నవాళ్లకు వెళతాయి. మిగిలినవి త్వరగా అయిపోతాయి. ఆ తరువాత మారుబేరం సైట్లే గతి. ధర మామూలు ఆట కన్నా కొన్ని రెట్లు ఉంటుంది. వాతావరణం బాగుండదని తేలితే ఆఖరి రెండు రోజుల్లో తగ్గడం చాలాసార్లు చూశాను, కానీ నాలుగు సీట్లు పక్కపక్కన కావాలంటే ఆ జూదం ఆడకండి, ఇద్దరికైతే ఆడవచ్చు. టికెట్లు కాగితం మీద ఉండవు, మేజర్ లీగ్ వారి ఎంఎల్‌బీ బాల్‌పార్క్ యాప్‌లో ఉంటాయి. వీధిలో ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపించి అమ్మజూస్తే దగ్గరకు వెళ్లకండి. ఇంటి దగ్గరే ఎవరి టికెట్టు వాళ్ల ఫోనుకు పంపించుకోండి, ఎందుకంటే గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీసేసరికి సిగ్నల్ మొరాయిస్తుంది. పొద్దున్నుంచి ఊరేగింపు ఫొటోలు తీసి బ్యాటరీ ఖాళీ చేసుకున్న ఫోనుతో టికెట్టు చూపలేక నిలబడ్డవాళ్లు ఏటా కనిపిస్తారు. పవర్ బ్యాంకు మరువకండి.

కారు ఆపే చోటు టికెట్టుకన్నా ముందే ఆలోచించాలి. మీరు మేసన్ నుంచి ఐ-71 హైవే మీద వస్తారు. ఊరేగింపు కోసం రేస్, ఫిఫ్త్ వీధులు ఉదయం నుంచే మూసేస్తారు. మైదానానికి ఆనుకొని ఉన్న భూగర్భ గ్యారేజీల ధర ఆ రోజు కళ్లు తిరిగేలా ఉంటుంది, ఆట ముగిశాక అందులోంచి బయటపడడానికి ఇంకో ఇన్నింగ్స్ పడుతుంది. మీలాంటి కుటుంబానికి నేను సూచించే మార్గం నది దాటి కెంటకీ వైపు న్యూపోర్ట్‌లో ఆపి, టేలర్-సౌత్‌గేట్ వంతెన మీద నడిచి రావడం. ఆ వంతెన దిగగానే మైదానం. కవింగ్టన్ వైపు ఆపితే 1866లో తెరిచిన రోబ్లింగ్ వేలాడే వంతెన మీదుగా రావచ్చు. బ్రూక్లిన్ వంతెనకు రూపకల్పన చేసిన జాన్ రోబ్లింగ్ కట్టిందే ఇది, ఒక్కసారైనా దాని మీద నడవవలసిందే. కానీ వంతెన మీద నది గాలి బలంగా ఉంటుంది, మీ నాన్నగారి నడకను బట్టి నిర్ణయించుకోండి. మార్కెట్‌కూ మైదానానికీ మధ్య ఉచిత ట్రామ్ ఉంది, మామూలు రోజుల్లో చాలా సౌకర్యం. ఊరేగింపు వేళ మాత్రం దాన్ని నమ్ముకోకండి, అది వెళ్లే వీధుల్లోనే జనం ఉంటారు.

మీ నాన్నగారో పాపో ఆటకు ఉండకుండా ఇంటికి వెళ్లేటట్లయితే వాళ్లను ఎవరు తీసుకెళతారో ముందురోజే తేల్చుకోండి. ఊరేగింపు అయ్యాక మూడు గంటల ప్రాంతంలో అందరూ మైదానం వైపు వస్తుంటారు, బయటికి వెళ్లేదారి ఖాళీగా ఉంటుంది. అందరినీ తీసుకొచ్చిన వ్యక్తి ఆ గంటలో బయలుదేరితే సులువుగా ఇల్లు చేరవచ్చు. ఆటకు ఉన్నవాళ్లు సహోద్యోగి కారులో తిరిగిరావచ్చు. నేను మా మామయ్యగారిని తీసుకెళ్లిన ఏడాది ఈ పద్ధతే పాటించాం. ఆయన ఇంట్లో సోఫాలో రగ్గు కప్పుకొని టీవీలో ఆట చూస్తూ మాకు ఫోను చేసి స్కోరు చెప్పారు.

ఇక తిండి. ఈ మైదానంలో మనకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే బయటి తిండిని లోపలికి తెచ్చుకోనిస్తారు, మెత్తటి సంచిలో ఉండాలి. మంచినీళ్లు సీలు తీయని ప్లాస్టిక్ సీసాలో ఉండాలి. గాజు సీసాలు, మద్యం కుదరవు. గట్టి పెట్టెలతో పేచీ వస్తుంది కాబట్టి స్టీలు క్యారియరు, స్టీలు ఫ్లాస్కు ఇంట్లోనే వదిలేయండి. సంచి కొలతల నియమం మారవచ్చు, బయలుదేరేముందు రోజు రెడ్స్ సైటులో చూసుకోండి. పులిహోర జిప్ సంచుల్లో పెట్టుకుంటే చల్లారినా రుచి చెడదు. చపాతీలో బంగాళాదుంప కూర చుట్టి తెస్తే చేతి తొడుగులతోనే తినవచ్చు. పెరుగన్నం మాత్రం వద్దు, ఆ చలిలో ఎవరూ ముట్టరు. వేడి కాఫీ, హాట్ చాక్లెట్ లోపల కొనుక్కోవచ్చు.

ఇక్కడ తెలియక తినేవాటి గురించి ఒక హెచ్చరిక. సహోద్యోగులు ప్రేమగా తినిపించే సిన్సినాటి చిల్లీ అంటే గొడ్డుమాంసం సాస్. దాన్ని స్పాగెట్టీ మీదనో, చిన్న హాట్‌డాగ్ మీదనో పోసి పైన చీజ్ తురుము గుట్టగా వేస్తారు. పైకి చీజ్ మాత్రమే కనిపిస్తుంది. ఫిండ్లే మార్కెట్ దగ్గర వేయించి ఇచ్చే గెట్టాలో పందిమాంసం, గొడ్డుమాంసం, ఓట్స్ కలిసి ఉంటాయి. చూడడానికి కట్లెట్‌లా ఉంటుంది కాబట్టి కూరగాయల కట్లెట్ అనుకొని కొరికినవాళ్లను ఎరుగుదును. మీకు పట్టింపు లేకపోతే రెండూ రుచి చూడవలసినవే. ఉంటే చీజ్ పిజ్జా, వేరుశనగలు, ప్రెట్జెల్ తిని ఉండండి.

నియమాల విషయానికొస్తే, అన్నీ నేర్చుకొని వెళ్లాలని రాత్రిళ్లు వీడియోలు చూడకండి. ఆట తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కో విడత బ్యాటింగు చేస్తాయి, ముగ్గురు అవుటైతే ఆ విడత ముగుస్తుంది. కొట్టదగ్గ చోటుకు వచ్చిన బంతిని వదిలేసినా, బ్యాట్ ఊపి తప్పినా స్ట్రైకు; ఆ చోటు తప్పి పోయి బ్యాటర్ వదిలేసిన బంతి బాల్. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్, నాలుగు బాల్స్ పడితే మొదటి బేస్‌కు నడిచి వెళతాడు. క్రికెట్ కళ్లకు అలవాటుపడడానికి కష్టమైనది ఒకటే: ఇక్కడ నాలుగు దిక్కులా కొట్టకూడదు, రెండు గీతల మధ్యలోనే కొట్టాలి. గీతల బయట పడ్డ బంతి ఫౌల్. మొదటి రెండు స్ట్రైకుల దాకా అదీ స్ట్రైకుగానే లెక్కలోకి వస్తుంది, ఆ తరువాత ఎన్ని కొట్టినా లెక్క పెరగదు. అలా స్టాండులోకి వచ్చిన బంతి పట్టుకున్నవాళ్లదే, తిరిగి ఇవ్వనవసరం లేదు. మీ నాన్నగారికి ఇది చెప్పండి, నేను తీసుకెళ్లిన పెద్దవాళ్లందరికీ ఆటలో తెగనచ్చిన నియమం ఇదే. 2023 నుంచి పిచ్చర్‌కు గడియారం పెట్టారు, దాంతో ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. అంతకుముందు మూడు గంటలు దాటేది. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి పాడతారు, మీరూ లేవండి, కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి.

పాపకు ముందే చెప్పవలసినది ఒకటుంది. కుడి-మధ్య ఫీల్డు వెనుక నది మీది ఆవిరి పడవ పొగగొట్టాలను పోలిన రెండు స్తంభాలు ఉంటాయి. రెడ్స్ పిచ్చర్ ఎవరినైనా స్ట్రైకవుట్ చేసినప్పుడు వాటిలోంచి మంటలు ఎగుస్తాయి, హోమ్ రన్‌కు (కొట్టిన బంతి కంచె దాటితే) బాణసంచా పేలుతుంది. తెలిసి ఉంటే కేరింతలు కొడుతుంది, తెలియకపోతే ఉలిక్కిపడి ఏడుస్తుంది.

లోపలికి ఎంత ముందు వెళ్లాలి? కనీసం ముప్పావు గంట ముందు సీట్లలో ఉండండి. ఆ ఒక్క రోజే రెండు జట్ల ఆటగాళ్లందరినీ పేరుపేరునా పిలిచి బేస్ లైన్ల వెంట వరుసగా నిలబెడతారు. ఆ తరువాత జాతీయగీతం, తొలి బంతి వేసే లాంఛనం ఉంటాయి. ఈ ఊరి పాతవాళ్లు ఆలస్యంగా వచ్చేవారికి 1974 ఏప్రిల్ 4 కథ చెబుతారు. అప్పటి రివర్‌ఫ్రంట్ స్టేడియంలో అట్లాంటా ఆటగాడు హాంక్ ఆరన్ ఆ సీజన్‌లో తన మొట్టమొదటి బ్యాట్ ఊపుకే, మొదటి ఇన్నింగ్స్‌లోనే, కెరీర్‌లో 714వ హోమ్ రన్ కొట్టి పాతతరం ఆటగాడు బేబ్ రూత్ రికార్డును సమం చేశాడు. పార్కింగు కోసం తిరుగుతున్నవాళ్లు దాన్ని రేడియోలో విన్నారు. తొందరగా వెళ్లిపోవాలనుకునేవాళ్లకు 2025 కథ ఉంది. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి రెడ్స్ 3-2 ముందుంది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ స్కోరు సమం చేసి, ఆపైన విల్మర్ ఫ్లోరెస్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి ఆటను 6-4తో లాక్కుపోయింది. అయినా నా సలహా మారదు: పాప పెదవులు నీలంగా మారితే ఏ ఇన్నింగ్స్ అయినా లేచి వచ్చేయండి.

సమయం మిగిలితే గేటు బయట క్రాస్లీ టెర్రస్ మీది విగ్రహాలు చూపించండి. వాటిలో జో నక్స్‌హాల్ విగ్రహం పాపకు నచ్చుతుంది. ఆయన 1944లో, యుద్ధం వల్ల ఆటగాళ్ల కొరత ఉన్న రోజుల్లో, 15 ఏళ్ల వయసులో రెడ్స్ తరఫున మేజర్ లీగ్‌లో బంతి వేశాడు. మైదానం ముందున్న వీధికి ఆయన పేరే పెట్టారు. తప్పిపోతే కలుసుకోవడానికి కూడా ఆ విగ్రహం మంచి గుర్తు.

బట్టల రంగు గురించి మీ శ్రీమతి అడిగారని రాశారు. ఎరుపు వేసుకుంటే చాలు, జెర్సీ కొనవలసిన పని లేదు. పైన జాకెట్టు వేసుకుంటే జెర్సీ ఎలాగూ కనిపించదు. ఎర్ర టోపీ ఒక్కటి కొనుక్కోండి, అది సీజనంతా పనికొస్తుంది. ఇంట్లో ఎర్ర శాలువా ఉంటే అదీ బాగుంటుంది. మా వీధిలో ఒక తెలుగు ఆవిడ ఎర్ర పట్టుచీర మీద రెడ్స్ జాకెట్టు వేసుకొని వస్తే ముక్కూముఖం తెలియనివాళ్లు వచ్చి ఫొటోలు అడిగి తీసుకున్నారు. కొన్నేళ్లలో ఉగాది, ఈ ఆట ఒకే వారంలో పడతాయి. 2025లో ఆట మార్చి 27 గురువారం, ఉగాది 30 ఆదివారం వచ్చాయి. అలాంటప్పుడు గుడిలో కార్యక్రమాల సన్నాహాలు, పిల్లల నాటికల రిహార్సల్స్ అదే వారంలో ఉంటాయి కాబట్టి క్యాలెండరు ముందే చూసుకోండి.

చివరగా, సెలవు ఏ రోజుకు పెట్టాలన్న మీ సందేహం. ఆట రోజుకు సెలవు పెట్టండి, మర్నాటిని కూడా ఖాళీగా ఉంచుకోండి. తొలి ఆట వానకు ఆగిపోతే ఆడుకోవడానికి వీలుగా షెడ్యూల్లో మర్నాడు సాధారణంగా ఖాళీ వదులుతారు, ఆట వాయిదా పడితే మీ టికెట్టు ఆ మారు తేదీకే చెల్లుతుంది. ఊరేగింపుకు మాత్రం అలాంటి మారు తేదీని నమ్ముకోవద్దు, చినుకులు పడుతున్నా అది నడుస్తుంది. అందువల్ల సంచిలో గొడుగులు కాకుండా చవకరకం ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు పెట్టుకోండి, గొడుగు తెరిస్తే వెనుక నిలబడ్డ పిల్లలకు ఏమీ కనిపించదు. పాప బడికి ఒక వారం ముందే చెప్పి ఉంచండి. ఆ రోజు గైర్హాజరుకు కారణం రాయవలసిన చోట నిజమే రాయండి, ఇక్కడి టీచర్లకు అది కొత్త కాదు.